కొలబద్ద మామయ్య, రెండు కెమెరాలు

మా మామగారిని వీధిలో అందరూ కొలబద్ద అంటారు. ఆయన దగ్గర కొలబద్ద లేదు కాబట్టే ఆ పేరు వచ్చింది. నలభై ఒక్క ఏళ్లుగా చెక్క దువ్వెనలకు పళ్లు కోస్తున్నారు. ఒక్కనాడూ పెన్సిలు పట్టలేదు, గీత గీయలేదు. చెక్కను బిగించి, బొటనవేలు ఆనించి, కంటిచూపుతోనే కోసుకుంటూ పోతారు. దువ్వెనకు ముప్పై ఒక్క పళ్లు. అన్నీ అయ్యాక గోటితో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కసారి మీటి, చెవి ఒగ్గి వింటారు. "ఊఁ" అన్నారంటే దువ్వెన కుదిరినట్టు. ఏమీ అనకపోతే అది చెత్తబుట్టలోకి పోతుంది.

"గీత గీసి కోసేవాడు పనివాడు కాదు, గుమాస్తా" అనేది ఆయన మాట. మా ఆయన పద్దెనిమిదేళ్ల వయసులో ఒకసారి చెక్కమీద పెన్సిలుతో గీతలు పెట్టుకుని కోయబోతే, ఆ పెన్సిలు విరిచి వీధిలోకి విసిరేశారట. ఆనాటి నుంచి మా ఇంట్లో పెన్సిలు అనేదే లేదు. మా ఆయన పలకలు చీలుస్తాడు, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతాడు, నూనె పట్టిస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, పళ్ల జోలికి మాత్రం వెళ్లడు. వెళ్లనివ్వరు. అమ్మకం నాది. నోరున్నదాన్ని కదా అని నాకు అప్పజెప్పారు.

ఆ నోటికి కూడా ఈమధ్య పని తగ్గింది. చుట్టుపక్కల కొట్లవాళ్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. పెద్ద నగరంలో చేతివస్తువుల కొట్లు నడిపే ఒకావిడ మిగిలింది. మా దువ్వెనలు ఆవిడ జాబితాలోకి ఎక్కితే ప్రతి సీజనుకూ నాలుగు వందలు తీసుకుంటుంది. ఎక్కకపోతే ఒకటో తారీఖు నుంచి మా ఆయన బల్లల ఫ్యాక్టరీలో చేరాలి, ఈ పనిగదికి తాళం పడాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ముగ్గురికీ తెలుసు.

బుధవారం ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఫోన్‌తో తీసి పంపిన ఫొటోల్లో చెక్క కనిపిస్తోంది గానీ పళ్లు సరిగ్గా కనిపించట్లేదండీ. చివర్లు వంగిపోయినట్టున్నాయి. దువ్వెనంటే పళ్లేగా? దగ్గర్నుంచి, ఒక్కో పన్నూ విడివిడిగా కనిపించేలా తీసి పంపండి. శుక్రవారం నాలుగింటికి లిస్టు ఖరారు చేసేస్తున్నా."

"తప్పకుండా మేడమ్."

"ఫొటో కింద పళ్లు కోసినవాళ్ల పేరు కూడా రాయండి. మా కొట్లో ప్రతి వస్తువు పక్కనా చేసినవాళ్ల పేరు పెడతాం."

ఆ మాట చెప్పగానే మామయ్య మొహంలో వెలుగు చూడాలి. పైకి మాత్రం "పేర్లెందుకమ్మా, మనమేమన్నా మంత్రులమా" అన్నారు. అని, ఆ సాయంత్రమే కూర్చుని కొత్తగా పన్నెండు దువ్వెనలకు పళ్లు కోసేశారు.

నేను కొత్త కుట్టుమిషను కోసం దాచుకున్న డబ్బు తీశాను. కెమెరా అంటే ఏమిటో నాకు తెలియదు. తెలిసిందల్లా నా దగ్గర ఎంత ఉందో, శుక్రవారానికి ఇంకెంత టైముందో, అంతే. గురువారం పొద్దున్నే పాత కెమెరాలు అమ్మే షాపుకు వెళ్లాను. ఇరుకు మెట్లెక్కితే ఒక గది, గోడల నిండా అద్దాల బీరువాలు, మధ్యలో కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే వెతుక్కుంటున్న పెద్దాయన.

నేను చెప్పిందంతా విని రెండు కెమెరాలు బల్లమీద పెట్టాడు. ఒకటి జేబులో పట్టే చిన్నది, ముద్దుగా ఉంది. రెండోది లెన్సు మార్చుకునే పాత కెమెరా. దాని తెర మూల పగిలింది, పట్టుకునే చోట రబ్బరు ఊడితే జిగురుతో అంటించారు.

"చూడమ్మా, మనుషుల్ని తీయడానికి ఈ చిన్నది బ్రహ్మాండం. మచ్చలూ మడతలూ కనపడనివ్వదు, అందరూ సంతోషిస్తారు. నువ్వు తీసేది వస్తువు. వస్తువుకి దగ్గరగా వెళ్లాలి. ఈ పెద్దదానికున్న లెన్సు చీమ కాళ్లు కూడా లెక్కపెట్టేస్తుంది."

"ధర?"

చెప్పాడు. చిన్నదాని ధర నా డబ్బులో సగం. పెద్దదాని ధర మొత్తం డబ్బూను, బస్సు ఛార్జీతో సహా.

నా మొహం చూసి నవ్వాడు. "మీ మామగారి దువ్వెన మా ఆవిడ పదేళ్ల నుంచి వాడుతోంది, ఒక్క పన్ను ఊడలేదు. రెండూ తీసుకెళ్లి తీసి చూడు. రేపు షాపు మూసేలోగా ఒకటి తెచ్చియ్యి."

మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల వేసి, తెల్ల అట్ట పరిచి, ఎండ నేరుగా పడకుండా పల్చటి గుడ్డ కట్టాను. స్టాండు లేదు కాబట్టి పలకలు దొంతరగా పేర్చి కెమెరాని వాటిమీద పెట్టాను. ముందు చిన్నదానితో పన్నెండూ తీశాను. ఎంత బాగా వచ్చాయంటే, మా చెక్కకి అంత అందం ఉందని నాకే అప్పుడు తెలిసింది. మామయ్య తెరలోకి తొంగి చూశారు.

"ఇది చాలమ్మా. పెద్దది ఎందుకు, డబ్బు దండగ."

"తెచ్చాంగా మామయ్యా, ఒకసారి దానితోనూ చూద్దాం."

పెద్దదానితో తీశాను. ఫొటో నా ఫోన్లోకి ఎక్కించి, వేళ్లతో పెద్దది చేశాను. పన్నెండో పన్ను లావుగా ఉంది. పదమూడోది దారప్పోగులా ఉంది. పద్నాలుగు పక్కకి ఒరిగింది. రెండో దువ్వెన తీశాను, మూడోది తీశాను. పన్నెండింట్లో తొమ్మిదింటికి అదే జబ్బు, అదీ నడిమి పళ్లలోనే.

దువ్వెన చేత్తో పట్టుకుని చూశాను. తేడా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నలభై ఒక్క ఏళ్ల చేతిని శంకించడానికి నాకేం అర్హత ఉంది? పైగా నా ఫోను కూడా చివర్లు వంచేసిందని మేడమ్ అననే అంది కదా.

"లెన్సు వంకరగా ఉన్నట్టుంది" అన్నాను.

మామయ్య ఆ దువ్వెన తీసుకుని గోటితో మీటారు. "ఊఁ" అన్నారు. "దువ్వెన బాగానే ఉంది. లెన్సే వంకర. ఆ షాపాయన నీకు తుక్కు అంటగట్టాడు. రేపు వాడి మొహాన కొట్టి రా."

మా ఆయన వైపు చూశాను. రోజుకి ఇన్ని దువ్వెనలు రుద్దే మనిషి, ఏదో ఒకటి చెబుతాడని ఆశ. అతను ఫొటో చూశాడు, దువ్వెన చూశాడు, తల దించుకుని మళ్లీ రుద్దుడులో పడ్డాడు. "లెన్సేనేమో" అన్నాడు. మా ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. ఆ ముక్కతో నేనూ సరిపెట్టుకున్నాను.

శుక్రవారం షాపు తలుపు తెరవకముందే నేను మెట్లమీద ఉన్నాను. పెద్ద కెమెరా బల్లమీద పెట్టి, నోటికొచ్చినట్టు దులిపేశాను. నాలుగింటికి నా బతుకు తేలాల్సి ఉంటే వంకర లెన్సు ఇస్తారా అని అడిగాను. ఆయన నా ఫోన్లో ఫొటోలు నిదానంగా చూశాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా."

"ఎవరికి ఆడటం రాదు? మా మామగారికా?"

ఆయన గీతల నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి గోడకి అంటించాడు. నా కెమెరాతోనే దాన్ని ఫొటో తీశాడు, పక్కనున్న చిన్న మిషన్లో అచ్చు వేశాడు. దానిమీద ఇనుప స్కేలు పెట్టి ఒక్కో గీతా చూపించాడు. పై నుంచి కింద దాకా ఒక్క గీత కూడా స్కేలు దాటి పోలేదు.

"లెన్సు వంకరైతే ఈ గీతలు వంకరపోవాలిగా?"

ఆయన కెమెరాతోపాటు ఆ అచ్చునీ, అసలు కాగితాన్నీ కూడా నా సంచిలో పెట్టాడు. "ఇంట్లో చూపించు" అన్నాడు మెల్లగా.

బస్సులో కూర్చున్నాక ఒకటే ప్రశ్న పట్టుకుంది. లెన్సు వంకర కాకపోతే మరి వంకర ఎక్కడుంది? ఆ ఆలోచనని చివరిదాకా పోనివ్వలేదు. పోనిస్తే ఇల్లు చేరలేనని భయం వేసింది.

ఇంటికి వచ్చేసరికి పదకొండున్నర. మామయ్య బల్ల ముందే ఉన్నారు. మా ఆయన మూలన రుద్దుతున్నాడు.

"పారేసొచ్చావా?" అన్నారు మామయ్య.

"లేదు మామయ్యా. లెన్సు బాగానే ఉందట. గీతల కాగితం తీసి చూపించాడు, ఇదిగో."

అచ్చు కాగితం అందుకుని దూరంగా పట్టుకున్నారు, దగ్గరగా పట్టుకున్నారు. గెలిచినట్టు నవ్వారు.

"ఏదీ బాగుంది? నడిమధ్యలో గీతలు వంగిపోయాయిగా, నీళ్లలో చూసినట్టు. నేను చెప్పలా?"

సంచిలోంచి అసలు కాగితం తీశాను.

"ఇది ఫొటో కాదు మామయ్యా. ఉత్త నోటుబుక్కు కాగితం. దీనికి కెమెరాతో సంబంధమే లేదు."

చూశారు. "ఇదీ వంకరే. అచ్చేసినవాడెవడో..." అని ఆగిపోయారు.

మూలన రుద్దుతున్న చప్పుడు ఆగింది. మామయ్య ఒక కన్ను మూసి కాగితం చూశారు. రెండో కన్ను మూసి చూశారు. మళ్లీ మొదటిది. కాగితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, నా మొహం వైపు చూశారు. అబద్ధమాడటానికి నాకు వ్యవధి దొరకలేదు.

"నీకు తిన్నగా ఉన్నాయా?"

"ఆఁ మామయ్యా."

"వాడికి?"

"తిన్నగానే ఉన్నాయి నాన్నా" అన్నాడు మా ఆయన మూల నుంచి.

మామయ్య కిటికీ వైపు తిరిగారు. "ఆ ఊచలు..." అన్నారు. "ఇల్లు పాతదైపోయి వంగాయనుకున్నా."

మా కిటికీ ఊచలు నిటారుగా ఉన్నాయి.

నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఇంకే పనివాడైనా అయ్యుంటే ఎప్పుడో తెలుసుకునేవాడు. రోజూ గీత గీసుకునేవాడికి, ఒకనాడు గీత వంగితే అనుమానం రాకుండా ఉంటుందా? మా ఇంట్లో గీతే లేదు. గోరు మీటి వినడం ఉంది గానీ, ఆ గోరు కూడా ఆయనదే. చెయ్యి తప్పిన చోట గోరు కూడా తనకి తెలియకుండానే సర్దుకుని పోయేది. ఆ "ఊఁ"ని నమ్మే మేమంతా బతుకుతున్నాం.

"ఎన్నాళ్ల నుంచిరా?" అని కొడుకుని అడిగారు. అతనికి తెలిసే ఉంటుందని ఆయనకి ఆ క్షణంలోనే తట్టినట్టుంది.

"ఆరు నెలలు. లావుగా వచ్చిన పళ్లు నేనే ఆకురాయితో సరిచేస్తున్నా. మరీ సన్నగా వచ్చినవి పక్కన పెట్టేసి, నా చేతిలో విరిగాయని చెప్పా. ఈ పన్నెండూ మొన్న రాత్రికి రాత్రి నూనె పెట్టేశాం, సరిచేసే టైము లేకపోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను నాన్నా?"

ఇరవై ఏళ్ల కిందట పెన్సిలు విరిచిన రోజునే ఆ ప్రశ్నకి జవాబు కూడా విసిరేసుకున్నారు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఎవరో ఒకరు బతుకు సంగతి చూడాలి కదా. "చిన్న కెమెరా ఫొటోలు ఉన్నాయి" అన్నాను. "అందులో ఏమీ తెలియట్లేదు. అవి పంపేస్తాను. ముందు గండం గట్టెక్కనివ్వండి, కళ్ల డాక్టరు దగ్గరికి రేపు పొద్దున్నే పోదాం."

నిజం చెబుతున్నాను, పంపేసేదాన్నే. సిగ్గుపడి కూడా చెబుతున్నాను.

మామయ్య కాగితం మడతపెట్టారు.

"పంపితే ఆర్డరొస్తుంది. వచ్చాక నాలుగొందల దువ్వెనలు ఎవరు కోస్తారమ్మా? నేనా?" అన్నారు. తర్వాత కొడుకు వైపు చూడకుండానే, "పెన్సిలు తియ్యరా" అన్నారు.

మా ఆయన లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు. ఎక్కడి నుంచి తీస్తాడు? ఇంట్లో పెన్సిలు లేదు. పెన్నుతో గీస్తే సిరా చెక్కలోకి దిగిపోతుంది. కొట్టు రెండు వీధుల అవతల, అదీ మధ్యాహ్నం మూసేస్తాడు. నేను లోపలికి పరిగెత్తి నా కనుబొమల పెన్సిలు తెచ్చాను. ఇరవై ఏళ్లలో మా ఇంట్లో చెక్కమీద పడిన మొదటి గీత దానిదే.

మా ఆయన తెల్ల అట్ట ముక్కకి అంచులు కత్తిరించి కొలత చేసుకున్నాడు. పన్నుకీ పన్నుకీ మధ్య కోతకొకటి చొప్పున నల్లటి గీతలు ముప్పై వరసగా పడ్డాయి. రంపం పట్టుకున్నాడు. మామయ్య బయటికి వెళ్లినప్పుడల్లా ఇతను పనికిరాని ముక్కలమీద దొంగతనంగా కోస్తాడని నాకు తెలుసు. దొంగతనంగా కోయడం వేరు, తండ్రి ఎదురుగా, ఆయన కుర్చీలో కూర్చుని కోయడం వేరు. మొదటి చెక్క ఎనిమిదో పన్ను దగ్గర ఫట్‌మని విరిగింది.

రెండో చెక్క బిగించాడు. చెవుల వెనక నుంచి చెమట కారుతోంది. మామయ్య మోకాళ్లమీద చేతులు పెట్టుకుని పక్కన స్టూలుమీద కూర్చుని, కళ్లు మూసుకుని రంపం చప్పుడు వింటున్నారు.

"నొక్కకురా. దాని బరువుకి దాన్ని పోనీ."

చప్పుడు మారింది. నేను గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని నిమిషానికోసారి చూశాను. ఒంటిగంటన్నరకి మొదటి దువ్వెన పూర్తయింది. రెండున్నరకి రెండోది. మూడోది రుద్దడం అయ్యేసరికి మూడూ ఇరవై. నూనె ఆరీ ఆరకముందే కిటికీ దగ్గరికి తెచ్చాను. మబ్బు పట్టి వెలుతురు తగ్గిపోతోంది. నొక్కినప్పుడు కెమెరా కదిలి మొదటి రెండు ఫొటోలూ అలుక్కుపోయాయి. నొక్కగానే చెయ్యి తీసేసి, రెండు సెకన్లాగి అదే తీసుకునేలా పెట్టాను. ఈసారి కుదిరాయి. ఫోన్లో పెద్దవి చేసి ఒక్కో పన్నూ లెక్కపెట్టాను.

పన్నెండు పంపుదామనుకుంటే మూడే ఉన్నాయి. అవే పెట్టి, కింద అలవాటుగా మామయ్య పేరు కొట్టాను.

"పేరు ఎవరిది రాశావు?" అన్నారాయన.

"మీదే మామయ్యా."

"చెరిపెయ్. పళ్లు కోసింది వాడు."

మా ఆయన చేతిలో నూనె గుడ్డ అలాగే ఉండిపోయింది. నేను చెరిపి, అతని పేరు రాసి పంపేశాను. మూడూ యాభై అయింది.

నాలుగైంది. నాలుగుంపావైంది. ఫోను బల్లమీద పెట్టి ముగ్గురం దాన్నే చూస్తున్నాం, పొయ్యిమీద పాలని చూసినట్టు. నాలుగున్నరకి మోగింది. జవాబు పైకి చదివాను: "ఇప్పుడు పళ్లు బాగా కనిపిస్తున్నాయి. ముందు రెండు వందలు పంపండి, అమ్మకం చూసి మిగతావి చెబుతాను. మూడోదాని మొదట్లో నల్లటి మరకేదో ఉంది, అలాంటివి తుడిచి పంపండి."

నా కనుబొమల పెన్సిలు మరక అది. చిన్న కెమెరా అయితే దాన్ని దాచేసేది.

"మరకా? ఎక్కడ?" మామయ్య మూడో దువ్వెన చేతిలోకి తీసుకున్నారు. కిటికీకేసి పట్టి వెతికారు. దొరకలేదు. అప్పుడు గోటితో ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా, ఎన్నడూ లేనంత నెమ్మదిగా మీటారు.

"ఊఁ" అన్నారు.

మా ఆయన పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. నేను చిన్న కెమెరాని సంచిలో వేసుకుని, షాపు మూసేలోగా ఇచ్చేయడానికి బయల్దేరాను. నా డబ్బంతా పెద్ద కెమెరాకే సరిపోతుంది కదా, బస్సు ఛార్జీ పక్కింటావిడ దగ్గర తీసుకున్నాను.

మర్నాడు పరీక్ష చేసి, మామయ్య కంటి లోపలి పొర మధ్యలో దెబ్బతిందని డాక్టరు చెప్పారు. పోయిన చూపు తిరిగి రాదట, ఇంజెక్షన్లతో ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూస్తారట. రోజూ గీతల కాగితాన్ని ఒక్కో కన్నూ మూసి చూడమన్నారు, వంకర పెరిగితే వెంటనే రమ్మన్నారు. షాపాయన ఇచ్చిన ఆ నోటుబుక్కు కాగితమే ఇప్పుడు పనిగదిలో గోడకి అంటించి ఉంది. పొద్దున్నే మామయ్య దాని ముందు నిలబడతారు. మా ఆయన బల్ల ముందు చెక్క బిగించుకుని, గీతలు పెట్టుకుని, రంపం చేత్తో పట్టుకుని కూర్చుంటాడు గానీ కోయడు. "నిన్నటంతే ఉన్నాయిరా" అని ఆయన అన్నాకే కోయడం మొదలుపెడతాడు.